బొడ్లో తాళంచెవి

ఆఫీసులో ఆయన్ని అందరూ బావగారనే పిలిచేవారు. అది ఆయన కోరి తెచ్చుకున్న పేరు కాదు. భార్య తమ్ముణ్ణి సిఫారసు చేసి తను పనిచేసే కంపెనీలోనే పెట్టించాడు. ఆ కుర్రాడు చేరిన మొదటిరోజే, గది నిండా జనం ఉండగా, "బావా, ఐడీ కార్డు ఎక్కడిస్తారు?" అని అడిగాడు. అంతే. సాయంత్రానికల్లా గేటు దగ్గర కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన బావగారైపోయాడు. ఒక్క ఇంటి పిల్లని చేసుకున్నందుకు ఇంతమందికి బావనయ్యానని ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఆ కంపెనీది కాంట్రాక్టు ఇంజనీరింగు. సొంతంగా ఏ యంత్రమూ తయారుచెయ్యదు. యంత్రాలున్నవాళ్ళకి మనుషుల్ని పంపుతుంది. ఆ మనుషులు వెళ్ళి యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాము రాస్తారు, బాగుచేస్తారు, రాసినదాని మీద తమ పేరు లేకుండా తిరిగొస్తారు. క్లయింటు తలకింత అని కంపెనీకి కడతాడు. అనుభవం పెరిగేకొద్దీ తల ఖరీదు పెరుగుతుంది. తల ఖరీదు పెరిగేకొద్దీ మెడ సన్నబడుతుంది. బావగారికి యాభై దగ్గరపడింది.

వాళ్ళ మేనేజరుది డెలివరీ మేనేజరు ఉద్యోగం. బుంగమీసాలున్న మనిషే అయినా వెనకాల అందరూ ఆయన్ని మంత్రసాని అంటారు. హోదాని బట్టి పెట్టిన పేరే గాని తీరుకి కూడా అతికినట్టు సరిపోయింది. ఎప్పుడూ నవ్వుమొహంతో, ఏం ఫర్వాలేదు, అయిపోవచ్చింది, ఇంకాస్త ఓర్చుకోండి అంటాడు. నొప్పులు మాత్రం పడేవాళ్ళే పడాలి. ఆయన ఒకరోజు బావగారిని గాజుగదిలోకి పిలిచి, కుర్చీ తనే లాగి కూచోబెట్టి, ఆయన చూస్తున్న సీసాల యంత్రం పనికి క్లయింటు కాస్త లేత తలని అడుగుతున్నాడని చెప్పాడు. మీ బావమరిదికే నేర్పించండి, ఇంటి పని ఇంట్లోనే ఉంటుంది అన్నాడు. మరి నా సంగతేమిటని బావగారు అడిగితే, కొన్నాళ్ళు బెంచీ మీద విశ్రాంతి తీసుకోమన్నాడు.

బెంచీ అంటే నిజం బెంచీ కాదు. మంచి కుర్చీయే ఇస్తారు. పని ఒక్కటే ఇవ్వరు. పొద్దున్నే వచ్చి, ఆ కుర్చీలో కూచుని, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ ఉండాలి. కుర్రవాళ్ళు దాని మీంచి ఎగిరి ఇంకో పనిలోకి దూకుతారు. బావగారి వయసువాళ్ళు మాత్రం దాని మీంచి లేస్తే ఇంటికే పోయేవారు. వేరేచోట పనిలోకి వెళ్ళినవాణ్ణి ఆయన ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఈ ముక్క ఆయన ఇంట్లో చెప్పలేదు. తమ్ముడికి పని నేర్పుతున్నానని మాత్రం చెప్పాడు. భార్య మొహం వెలిగిపోయింది. తల్లి పోయాక ఒళ్ళో పెట్టుకు పెంచిన తమ్ముడు. చదువు ముగించుకుని ఎన్నాళ్ళో ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూచున్నవాడు. "మీకొచ్చిందంతా వాడికి చెప్పెయ్యండి, ఏదీ దాచుకోకండి. దాచుకున్న బెల్లం చివరికి చీమలపాలే" అంది, ఆయన చొక్కా మడతపెడుతూ. ఆయన సరేనన్నాడు. ఆవిడకి అసలు సంగతి చెప్పకపోవడం ఆవిడ మీది దయవల్లనే అనుకున్నాడు. కొంత నిజమే కావచ్చు కూడా.

అయితే, బావగారు కంపెనీలో కొత్తగా చేరినప్పుడు ఆయన గదిలోనే ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ తాతయ్య అనేవారు. ఆ తాతయ్య ఒకనాడు క్యాంటీన్లో టీ చల్లార్చుకుంటూ ఆయనకి ఒక ఉపదేశం చేశాడు. "చూడు నాయనా, మన చేతిపని మీద మన పేరుండదు. పొమ్మంటే పోవాలి. కాబట్టి పోయేటప్పుడు అన్నీ చెప్పు, ఒక్కటి చెప్పకు. ఆ ఒక్కటీ బొడ్లో తాళంచెవిలా దోపుకో. నువ్వెళ్ళాక తలుపు బిగుసుకుపోతే నిన్నే పిలుస్తారు."

ఆ మాట ఒక్క తాతయ్యది కాదు. ఆ గదిలో అందరి బొడ్లోనూ ఒక తాళంచెవి ఉండేది. ఉందని మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు. తాతయ్య వెళ్ళిపోయాక ఆయన్ని ఎవరూ పిలవలేదన్న సంగతి కూడా ఎవరూ గుర్తుచేసుకునేవారు కాదు.

బావగారి తాళంచెవి సీసాల యంత్రంలో ఉంది. అది దగ్గుమందు సీసాలు నింపే యంత్రం. సీసాలు బెల్టు మీద వరసగా వస్తాయి. మందు పడుతుంది, మూత పడుతుంది. ఆ తరవాత ఒక సెన్సరు, అక్కడివాళ్ళు దాన్ని కన్ను అంటారు, ప్రతి సీసాకీ మూత ఉందో లేదో చూస్తుంది. మూత లేని సీసా ఇంకాస్త ముందుకెళ్ళగానే పక్కనున్న చిన్న ఇనప చెయ్యి దాన్ని తొట్టిలోకి నెట్టేస్తుంది. ఆ చూపుకీ ఆ తోపుకీ మధ్య లెక్క తప్పకుండా చూసేది బావగారి ప్రోగ్రాము.

కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఒక తిరకాసుంది. బెల్టు వెంటనే కదులుతుంది. కన్ను తెరుచుకోవడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ రెప్పపాటులో ఒక సీసా ఎవరూ చూడకుండా దాటిపోతుంది. ఇక అక్కణ్ణించి లెక్కంతా ఒక సీసా పక్కకి జరుగుతుంది. దొంగని వదిలేసి పక్కింటివాణ్ణి కట్టేసినట్టు, ఇనప చెయ్యి మూతున్న సీసాని తొట్టిలో పడేసి, మూత లేనిదాన్ని దర్జాగా ముందుకి పంపుతుంది.

యంత్రం పెట్టిన కొత్తలో, క్లయింటు నెత్తి మీద నుంచుని ఉండగా, బావగారు దీనికి ఒక చిట్కా కనిపెట్టాడు. కన్ను తెరుచుకునేదాకా బెల్టుని ఆపి ఉంచే చిన్న విరామం. ఆ తొందరలో దాన్ని అసలు ప్రోగ్రాములో పెట్టకుండా, యంత్రం తెర వెలుతురూ అక్షరాల సైజూ రాసి ఉండే సెట్టింగుల ఫైల్లో ఒక అంకెగా పెట్టేశాడు. తరవాత తీరిగ్గా సరైన చోటికి మార్చాలనుకున్నాడు. మార్చలేదు. మొదట తీరిక లేక, తరవాత తాతయ్య మాట గుర్తుండి. కన్ను రకాన్ని మారిస్తే ఆ అంకెనీ మార్చాలి. ఈ సంగతి లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు.

బావమరిది మంచి విద్యార్థి. చెప్పింది చెప్పినట్టు పట్టుకునేవాడు. పట్టుకున్నదాన్ని తిరగేసి చూసేవాడు. "ఎవరైనా ఏదన్నా ముట్టుకోవద్దన్నారంటే ముందు అదే విప్పి చూడాలిరా, చెడిపోయిన చోటు అక్కడే ఉంటుంది" అని బావగారే నేర్పాడు. ఒకరోజు ఆ సెట్టింగుల ఫైలు తెరమీద ఉండగా కుర్రాడు వేలు పెట్టి, ఈ అంకె దేనికని అడిగాడు. బావగారు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ, "పాతదిలే, దాన్ని ముట్టుకోకు" అన్నాడు. కుర్రాడు సరేనని తలూపి తరవాతి పేజీకి వెళ్ళిపోయాడు.

మిగతావన్నీ బావగారు మనస్ఫూర్తిగా నేర్పాడు. అది ఒప్పుకోవాలి. మధ్యాహ్నం కుర్రాడు అక్క కట్టిచ్చిన రెండు డబ్బాలూ తెరిచి, పెద్దది బావ ముందుకి జరిపేవాడు. ఇద్దరూ తింటూనే బెల్టుల గురించీ మోటార్ల గురించీ మాట్లాడుకునేవారు. పిల్లలు లేని ఆయనకి, తనకొచ్చింది ఇంకో మనిషి చేతుల్లోకి దిగుతూ ఉంటే చూడడం బాగుండేది. ఆ సుఖం నిజమైనదే. బొడ్లో తాళంచెవీ నిజమైనదే. రెండూ ఒకే మనిషి దగ్గర ఎలా ఇమిడాయంటే, ఇరుకింట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఇమిడినట్టు ఇమిడాయి.

పని అప్పగింత పూర్తయినట్టు కంపెనీ ఊరికే ఒప్పుకోదు. దానికో పరీక్ష ఉంది. కాగితాల్లో దాని పేరు వేరే గాని, అక్కడివాళ్ళు మౌనవ్రతం అంటారు. క్లయింటు తన యంత్రంలో ఏదో ఒక తేడా చేసి పెడతాడు. నేర్చుకున్నవాడు ఒక్కడే దాన్ని సరిచెయ్యాలి. నేర్పినవాడు పక్కనే కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు విప్పకుండా కూచోవాలి. కుర్రాడు గెలిస్తే పెద్దవాడు బెంచీకి. ఓడితే పెద్దవాడు ఇంకొన్నాళ్ళు అక్కడే.

ఈ వ్రతానికీ ఒక వెసులుబాటుంది. నేర్పినవాడు దగ్గవచ్చు. కుర్రాడు దారి తప్పినప్పుడు ఒక దగ్గు, సరైన చోటికి రాగానే ఇంకో దగ్గు. ఎన్నాళ్ళ నుంచో అలాగే జరుగుతోంది. క్లయింటు తరఫువాళ్ళకీ తెలుసు. ఆ కాసేపు అటు తిరిగి నుంచుంటారు. ఎంత కఠినమైన చోటైనా మనుషులు ఎక్కడో ఒక చిన్న కన్నం ఉంచుకుంటారు, గాలి ఆడడానికి.

కుర్రాడు ఓడిపోతే ఇంకాస్త నేర్పమంటారు, అంతకు మించి ఏం జరగదు, అందరికీ కొంత కాలం కలిసొస్తుంది. ఇదీ బావగారు తనకి తాను చెప్పుకున్న సమాధానం. మౌనవ్రతం రోజు పొద్దున్న, వ్యాను ఎక్కబోతూ ఉండగా, మంత్రసాని ఆయన్ని పక్కకి పిలిచాడు.

"కుర్రాడు గట్టెక్కాలండీ బావగారూ. లేకపోతే పర్మనెంటు చెయ్యడం కుదరదట, పంపించెయ్యమంటున్నారు పైవాళ్ళు. మీకేం లెండి, మీకు పొడిగింపు దొరుకుతుంది" అని నవ్వుమొహంతో భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వ్యానులో వాళ్ళిద్దరూ, ముందు డ్రైవరూ తప్ప ఎవరూ లేరు. బావకి వెనక సీట్లో కడుపులో తిప్పుతుందని కుర్రాడికి తెలుసు. కిటికీ పక్క సీటు రుమాలుతో తుడిచి ఆయన్ని కూచోబెట్టాడు. అక్క ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. ఫ్యాక్టరీ దాకా చాలా దూరం, బోలెడంత సమయం. గోదాములు దాటాయి, లారీల అడ్డా దాటింది, రోడ్డు వారన పైపుల గుట్టలు దాటాయి. చెప్పవలసింది ఒక్క వాక్యం. కొత్త కన్ను పెట్టి ఉంటే ఆ అంకె మార్చు. బావగారు గొంతు సవరించుకున్నాడు. కుర్రాడు గబుక్కున ఆయన వైపు తిరిగాడు.

"పై గుండీ పెట్టుకో, బాగుండదు" అన్నాడు బావగారు.

కుర్రాడు గుండీ పెట్టుకున్నాడు.

ఫ్యాక్టరీలో క్లయింటు తరఫు ఇంజనీరమ్మ వాళ్ళకోసం ఎదురుచూస్తోంది. మితభాషి, ముక్కుసూటి మనిషి. యంత్రం నడిపే పనాయన బావగారికి ఒక కుర్చీ తెచ్చి వేశాడు, చప్పుడుకి చెవుల్లో పెట్టుకొమ్మని కాస్త దూది ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఇచ్చాడు. బావగారు చెవుల్లో దూది పెట్టుకుని, కుర్చీలో కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి యంత్రం వైపు చూశాడు.

కన్ను మారింది. పాత కన్ను చుట్టూ నల్ల కట్టు ఉండేది. ఇప్పుడు నీలం కట్టు ఉంది. కొత్త రకం.

ఇంజనీరమ్మ తెలిసి చేసింది కాదు. ఎలాగూ మార్చవలసిన కన్ను, పరీక్షకి పనికొస్తుందని మార్చింది. ఆవిడ కరెంటు తీసి మళ్ళీ వేసింది. బెల్టు కదిలింది. సీసాలు గలగలమంటూ వచ్చాయి. కాసేపటికి ఇనప చెయ్యి మూతున్న సీసాని తొట్టిలోకి నెట్టింది. దాని పక్కనున్న బోడి సీసా పెళ్ళికొడుకులా ముందుకి సాగిపోయింది.

"చూసుకోండి" అంది ఆవిడ, కుర్రాడితో.

కుర్రాడు ముందు ఇనప చెయ్యి చూశాడు. బిగింపులు చూశాడు. ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామంతా పైనుంచి కిందికి నడిపించాడు. బెల్టు వేగం తగ్గించాడు, పెంచాడు. ఏదీ కుదరలేదు. మెడ మీద చెమట కాలర్ని తడిపేస్తోంది. అప్పుడు తలతిప్పి బావ వైపు చూశాడు.

బావగారు బెల్టుని చూస్తున్నాడు.

ఇంజనీరమ్మ మర్యాదగా అటు తిరిగింది. పనాయన వంగి నేలమీద ఏదో ఏరుతున్నట్టు నటించాడు. కన్నం తెరిచి ఉంది. ఒక్క దగ్గు చాలు. బావగారి గొంతులో గరగర మొదలైంది, నిజంగానే. ఇంట్లో ఆవిడ ఈపాటికి పొయ్యి దగ్గర ఉంటుంది, తమ్ముడి పరీక్ష ఏమైందోనని ఫోను పక్కనే పెట్టుకుని. ఆ ఫోను మోగి, వాణ్ణి పంపించేశారని ఆవిడ వినాలి. లేకపోతే ఈ కుర్చీ పోయి ఆ కుర్చీ రావాలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ పిలవని కుర్చీ. దగ్గుదాం. ఇంకొక్క నిమిషం చూసి దగ్గుదాం. కుర్రాడు రెండోసారి తిరిగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. ఆ చూపులో అడగడం లేదు. ఊరికే చూస్తున్నాడు, గడియారం చూసినట్టు. బావగారు ఒళ్ళో ఉన్న చేతుల్ని ఒకదానిలో ఒకటి బిగించుకున్నాడు.

కుర్రాడు తల తిప్పుకున్నాడు. ల్యాప్‌టాప్ మూసేసి, యంత్రం తెర దగ్గరికి వెళ్ళి, ఏ తొందరా లేకుండా తెర సెట్టింగులు తెరిచాడు. మధ్యలో ఒక అంకె కొట్టేసి ఇంకో అంకె వేశాడు. కరెంటు తీసి వేశాడు. బెల్టు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, అప్పుడు కదిలింది. మూత లేని మొదటి సీసా వచ్చింది. ఇనప చెయ్యి దాన్ని, సరిగ్గా దాన్నే, తొట్టిలోకి నెట్టింది.

ఇంజనీరమ్మ సీసాల్నే చూస్తోంది గాని తెరని చూడలేదు. ఫ్యాక్టరీల్లో అందరూ సీసాలే చూస్తారు. ఇంకో నాలుగైదుసార్లు కరెంటు తీసి వేయించి, తృప్తిపడి, ఏం చేశారని అడిగింది. కొత్త సెన్సరుకి తగ్గట్టు లెక్క సరిచేశానన్నాడు కుర్రాడు. ఆవిడ తలూపి, ఈ పరీక్షలో చివర అడగవలసిన ప్రశ్న అడిగింది.

"మీకు నేర్పినవాటిలో దాచిపెట్టినవిగానీ, వదిలేసినవిగానీ ఉన్నాయా? ఇప్పుడే చెప్పండి. తరవాత చెల్లదు."

దాచినట్టు తేలితే బావగారికి బెంచీ కూడా ఉండదు. మంచి మాట రాసిచ్చేవాడూ ఉండడు. కుర్రాడు ఆయన వైపు చూడలేదు.

"లేవండీ. అన్నీ చెప్పారు."

ఆవిడ సంతకం చేసింది. కుర్రాడు చేశాడు. బావగారు ఒళ్ళోంచి చెయ్యి తీసి చేశాడు. పనాయన వచ్చి కుర్రాణ్ణి మెచ్చుకుని, బావగారితో, శిష్యుణ్ణి బాగా తయారుచేశారండీ అన్నాడు. మంచి మనసుతో అన్న మాట. చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

తిరుగు ప్రయాణంలో కూడా కుర్రాడు కిటికీ పక్క సీటు ఆయనకే వదిలాడు. వ్యాను పైపుల గుట్టలు దాటింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు చివరికి బావగారు.

"ముట్టుకోకు అన్నావు కదా, ఆ రోజే. నువ్వు ఇంటికెళ్ళాక విప్పి చూశాను."

"మరి ఇవాళ అంతసేపు వెతికావేం?"

కుర్రాడు ముందు సీటు వెనక చినిగిన రెక్సిను గిల్లాడు.

"నువ్వు దగ్గుతావేమోనని చూశాను బావా."

దగ్గేవాణ్ణేరా, ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే దగ్గేవాణ్ణే. ఆ మాట బావగారి నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమో కాదో ఆయనకే తెలియదు. ఆ ఒక్క నిమిషం ఇక ఎప్పటికీ రాదు కాబట్టి ఎప్పటికీ తెలియదు కూడా. ఆయన ఆ మాట మింగేసి ఇంకోటి అడిగాడు.

"ఆవిడ అడిగినప్పుడు చెప్పలేదేం?"

"చెప్తే నీ పేరు పోయేది కదా. అక్కకి నేనేం మొహం చూపించను?"

బావగారి కళ్ళు తడయ్యాయి. కిటికీ వైపు తిరిగాడు. ఎండపొడ కళ్ళలో పడుతోందని డ్రైవరు అద్దం వాల్చాడు. లారీల అడ్డా దాటింది. అక్కడ కుర్రాడే మళ్ళీ నోరు తెరిచాడు, ఈసారి మెల్లిగా, తనలో తను అనుకుంటున్నట్టు.

"అయినా, నాకూ ఒకటి ఉండాలి కదా బావా."

బావగారు తిరిగి అతని మొహంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు, వెటకారం లేదు. నేర్పిన పాఠం అప్పజెప్పిన పిల్లవాడి మొహం. ఇన్నాళ్ళూ నేర్పినవాటిలో ఏది బాగా వంటబట్టిందో ఆయనకి అప్పుడు కనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఫోన్లో ముందే విన్నదైనా మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంది. తమ్ముడి నుదురు తడిమింది. చెమటకి ముద్దయిన చొక్కా ముందు విప్పమంది. ఇద్దరికీ కంచాలు పెట్టి, అన్నం వడ్డిస్తూ, "ఏరా, మీ బావ నీకు అన్నీ చెప్పారా?" అని అడిగింది. ఊరికే, ఆ మాట మళ్ళీ వినాలని.

"అన్నీ చెప్పాడక్కా. ఏదీ దాచుకోలేదు" అన్నాడు తమ్ముడు, ముద్ద కలుపుకుంటూ.

ఆవిడ భర్త వైపు చూసింది. పెళ్ళైన కొత్తలో చూసినట్టు, ఎంతో గొప్పగా. కంచంలో అన్నం మీద ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. రేపటి నుంచి ఆయన ఏ కుర్చీలో కూచోబోతున్నాడో ఆవిడకింకా తెలియదు. ఇవాళ రాత్రికి తెలియకుండానే ఉంటుంది. ఆ మాత్రం దయ ఆ పూటకి మిగిలింది.

కాసేపటికి ఆవిడ వడ్డించడం ఆపి ఆయన్ని చూసింది.

"చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూచున్నారేమండీ? చల్లారిపోతోంది, తినండి."